మలుపు దగ్గర అమెరికా చామంతి

పీకి పారేయాల్సిన మొక్క ఇదేనంటూ ఊరి ఆఫీసు వాళ్ళు అచ్చు వేయించిన పోస్టరులో ఉన్న ఫోటో గనెకో సేకిచి ఇంటి గేటుది. మొక్క తప్ప ఇంకేమీ పడకుండా జాగ్రత్తగానే తీశారు. కానీ ఎడమవైపు మూలలో ఉత్తరాల డబ్బా సగం పడింది. డబ్బా మీద ఇంటిపేరులో మొదటి అక్షరం స్పష్టంగా కనబడుతోంది.

ఊళ్ళో అంటించకముందే ఆయనకు చూపించడం మర్యాద అనుకుని, ఆఫీసులో చెట్టూ చేమా వ్యవహారాలు చూసే హెంజా చినత్సు ఆ పోస్టరును స్వయంగా పట్టుకొచ్చింది. జూన్ నెలాఖరు. వానలు అప్పుడే వెలిశాయి. సేకిచి వాకిట్లో ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, దారి మీదికి పాకిన తీగల కొసలు కత్తెరతో కత్తిరిస్తున్నాడు. శనివారం పొద్దున ఆ పని చేయడం ఆయనకు నలభై రెండేళ్ళ అలవాటు.

చినత్సు పోస్టరును రెండు చేతులా అందించి తల వంచింది. పచ్చటి తీగ, దాని నిండా పొద్దుతిరుగుడు పిల్లల్లాంటి పసుపు పూలు. పైన ఎర్ర అక్షరాలతో ‘చొరబాటుదారు’ అని ఉంది. కింద ‘కనబడితే వదలకండి’ అని ఉంది.

సేకిచి కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఫోటో బాగా వచ్చింది," అన్నాడు.

"క్షమించండి, గనెకో గారూ. ఊరంతా తిరిగి చూశాను. ఇంత ఏపుగా ఇంకెవరింట్లోనూ లేదు."

"చేప ఎరువు వేస్తాను."

"ఆ డబ్బా సంగతి అచ్చయ్యాక చూశామండీ. అప్పటికే మూడొందలు వేసేశారు."

టీ పట్టుకొచ్చిన సేకిచి భార్య తొమి, ఆయన భుజం మీదుగా తొంగి చూసింది. "మొత్తానికి మీ ఫోటో గోడకెక్కుతోందన్నమాట," అంది. తర్వాత చినత్సు వైపు తిరిగింది. "అమ్మాయ్, ఇంకోటి ఉందా? వంటింట్లో అంటిస్తాను. నలభై ఏళ్ళుగా నేను మొత్తుకుంటే వినలేదు. నా కాకర పాదు ఏ మూల ఉండేదో కూడా ఇప్పుడు చెప్పలేను."

సేకిచి నల్లబెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు.

ఆ మొక్కను ఊళ్ళోకి తెచ్చింది ఆయనే. అమెరికా పాలనలో ఉన్న ఒకినావా మళ్ళీ జపాన్‌లో కలిసిన రెండేళ్ళకు కొండను నిలువునా కోసి సముద్రం వెంట రోడ్డు వేశారు. అప్పుడు సేకిచికి ఇరవై ఆరేళ్ళు, ఊరి ఆఫీసులో రోడ్ల పని. కోసిన కొండ ఎర్రమట్టి కొండ. వాన పడినప్పుడల్లా మట్టి జారి రోడ్డు దాటి సముద్రంలో కలిసేది. గడ్డి వేస్తే గడ్డితో సహా జారింది. నాహా పట్నంలో జరిగిన శిక్షణలో ఎవరో అమెరికా చామంతి అనే ఈ తీగ చూపించారు. ఎండకు ఎండదు, ఉప్పుగాలికి మాడదు, ఏటవాలు నేలను కరుచుకుని పాకుతుంది, ఏడాది పొడుగునా పూస్తుంది. సేకిచి ఒక కట్ట తడి పేపరులో చుట్టుకుని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. ముందు తన పెరట్లో పెంచాడు. ఆ తర్వాత రెండేళ్ళపాటు రోడ్డు గట్టు మీద అడుగడుగుకీ ఒక కొమ్మ గుచ్చాడు. మట్టి ఆగింది. ఆఫీసు వాళ్ళు ప్రశంసాపత్రం ఇచ్చారు. ఆయన ఉద్యోగ జీవితంలో అందుకున్న పత్రం అదొక్కటే.

"ఇది చెడ్డ మొక్క అని ఎవరన్నారు?" అని అడిగాడు చివరికి.

"మీరు నాతో బీచికి వస్తారా?" అంది చినత్సు.

బీచి ఇంటికి పావుగంట నడక. మోకాళ్ళు నొప్పులు మొదలైనప్పటి నుంచి సేకిచి అటువైపు వెళ్ళలేదు. గట్టు మీద తాను నాటిన తీగ గట్టు దిగి, రోడ్డు కింద తూములోంచి దూరి, అవతల ఇసుకలోకి వచ్చేసింది. అక్కడ ఒకప్పుడు పిల్లినాలుక అనే ఈ నేల తీగ ఉండేది. అదీ ఇదీ ఒకే జాతి. అదీ చిన్న పసుపు పూలే పూస్తుంది, కానీ ఆకులు చిన్నవి, పిల్లి నాలుకలా గరగరలాడతాయి. చిన్నప్పుడు సేకిచీ, ఆయన అన్నయ్యా ఆ ఆకులు ఒకరి మెడ మీద ఒకరు రాసుకుని ఏడిపించుకునేవాళ్ళు.

చినత్సు మోకాళ్ళ మీద కూర్చుని, మోకాలెత్తు పెరిగిన అమెరికా చామంతిని రెండు చేతులతో పక్కకు తీసింది. అడుగున తెల్లబడిపోయిన పిల్లినాలుక తీగ ఒకటి దొరికింది. నాలుగు ఆకులున్నాయి.

"ఈ బీచిలో ఇలాంటివి పదకొండు చోట్ల మిగిలాయండీ. లెక్కపెట్టాను."

సేకిచి వంగి ఒక ఆకును బొటనవేలితో రాశాడు. గరగరలాడింది. ఇంటికి వచ్చాక కత్తెర లోపల పెట్టేసి గునపం తీశాడు.

పెరట్లో పీకడానికి పదకొండు రోజులు పట్టింది. అమెరికా చామంతికి కణుపు కణుపుకీ వేరు. లాగితే తీగ వస్తుంది, వేరు రాదు. వేరు తవ్వితే ముక్క మిగులుతుంది. ముక్క మిగిలితే వారం తిరిగేసరికి రెండు ఆకులు తల ఎత్తుతాయి. ఆ మొక్కలో ఏ గుణాలు చూసి ఆయన మోజుపడ్డాడో, ఇప్పుడు ఆ గుణాలే ఒక్కొక్కటిగా నడుం మీదికి వచ్చాయి. నాలుగో రోజున తీగల కింద రాతిపలకల దారి ఒకటి బయటపడింది. పెళ్ళయిన కొత్తలో అది తానే వేశాడని ఆయనకు గుర్తులేదు.

"నేను చెప్తూనే ఉన్నాను, ఇక్కడ దారి ఉండేదని," అంది తొమి. "మీరేమన్నారో గుర్తుందా? నీ భ్రమ అన్నారు."

"ఎప్పుడన్నాను?"

"ఎనభై తొమ్మిదిలో."

ఆమె కాకర పాదు కూడా దొరికింది. అంటే దాని చుట్టూ పేర్చిన రాళ్ళు దొరికాయి. ఆ సాయంత్రం తొమి ఆ రాళ్ళ మధ్య కాసేపు నిలబడి, లోపలికి వెళ్ళి విత్తనాల పొట్లం తెచ్చుకుంది. మొగుణ్ణి ఇంకేమీ అనలేదు. దాంతో సేకిచికి కొంచెం భయం వేసింది.

ఆగస్టులో ఊరి హాలులో మీటింగు పెట్టారు. సెప్టెంబరు రెండో ఆదివారం ఊరు ఊరంతా కలిసి అమెరికా చామంతిని పీకెయ్యాలన్నది నిర్ణయం. ఆఫీసులో చినత్సు పైఅధికారి త్సుహాకో మొరియో, పనంటే ప్రాణం పెట్టే మనిషి, అన్నీ ముందే ఏర్పాటు చేశాడు. చేతి తొడుగులు, సంచులు, బస్సు, పంది మాంసమూ గుడ్డూ పెట్టి చుట్టిన అన్నం ముద్దలు మూడొందలు. ఈ మొక్క గురించి ఊళ్ళో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి కాబట్టి సేకిచిని నాలుగు ముక్కలు మాట్లాడమన్నారు.

సేకిచి జీవితంలో ఈ మొక్క గురించి ఒక్కసారే ఉపన్యసించాడు. అదీ నలభై రెండేళ్ళ కిందట, ఇదే హాలులో. మైకు ముందు నిలబడగానే ఆయన నోటికి వచ్చింది ఆ ఉపన్యాసమే.

"ఈ మొక్కను పెంచడం చాలా తేలిక," అని మొదలుపెట్టాడు. "జానెడు కొమ్మ తీసుకోండి. కణుపుకి సరిగ్గా కింద కోయండి. ఒక్క కణుపు చాలు. తడిమట్టిలో వేలెడు లోతు గుచ్చి అరచేత్తో అదమండి. మూడు రోజులు నీళ్ళు పోయండి. ఆ తర్వాత మీరు చేయాల్సింది ఏమీ ఉండదు."

ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు రాసుకుంటున్నారు. సేకిచి వాళ్ళ వైపు చూశాడు.

"ఇవేవీ చేయకండి," అన్నాడు.

"ఎరువు ఏది వేయాలి?" అని వెనకనుంచి ఒకామె అడిగింది.

త్సుహాకో లేచి మైకు అందుకోబోయాడు. సేకిచి వదల్లేదు.

"ఇంకొక్క మాట. బీచిలోది పీకండి. పెరళ్ళలోది పీకండి. గట్టు మీదది మాత్రం ఇప్పుడు పీకొద్దు. ముఖ్యంగా రోడ్డు మలుపు దగ్గరది. ముందు అక్కడే జారింది. దాన్ని పట్టుకున్నది ఈ తీగే. ఇంకో మొక్క నాటకుండా దీన్ని తీసేస్తే, తుఫాను వచ్చిందంటే మట్టి అంతా సముద్రంలోకే."

"గనెకో గారూ, తేదీ ఖాయమైపోయింది," అన్నాడు త్సుహాకో.

"తుఫానుకి ఆ సంగతి చెప్పారా?"

"టీవీ వాళ్ళు వస్తున్నారండీ. గట్టు మీద అయితేనే కెమెరాకి బాగుంటుంది."

మీటింగు అక్కడితో ముగిసింది. ఇంటికి నడుస్తూ తొమి అంది, "మొదటి సగం బాగా మాట్లాడారు. నాకే ఒక కొమ్మ నాటాలనిపించింది."

సెప్టెంబరు రెండో ఆదివారం పొద్దున ఏడింటికల్లా సేకిచి మలుపు దగ్గర గట్టు కింద చాప పరుచుకుని కూర్చున్నాడు. నినాదాలు లేవు, అట్టముక్కలు లేవు. ఒక గొడుగు, ఒక విసనకర్ర. ఎనిమిదింటికి తొమి మల్లెటీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది.

"నేను మీ పక్షం కాదు," అంది చాప మీద కూర్చుంటూ. "ఆకలేస్తే మీరు మనుషుల మీద పడతారు కదా, అందుకని వచ్చాను."

గంట గడిచాక, మలుపు కింద ఇంట్లో ఉండే ఉషి అవ్వ నాలుగు చక్రాల తోపుడుబండి పట్టుకుని నింపాదిగా వచ్చింది. ఆమెకు తొంభై నాలుగు. ఆ బండికి చిన్న సీటు కూడా ఉంది. సరిగ్గా గట్టుకీ రోడ్డుకీ మధ్య దాన్ని ఆపి కూర్చుంది.

"ఒరే సేకిచీ, పీకనివ్వనన్నావట?"

"అవును అవ్వా."

"మంచిది. టీ ఉందా?"

పది గంటలకు బస్సు వచ్చింది. దిగినవాళ్ళందరికీ సేకిచి తెలుసు, ఉషి అవ్వ ఇంకా బాగా తెలుసు. తొడుగులు వేసుకుని, కొడవళ్ళు పట్టుకుని, ఎవరికి వారు పక్కవాళ్ళు ముందుకు వెళతారేమోనని చూస్తూ నిలబడ్డారు. త్సుహాకో ముందుకొచ్చి వంగి నమస్కరించాడు.

"అవ్వా, ఎండగా ఉంది. లోపల కూర్చోరాదూ?"

"నీ చిన్నప్పుడు నీకు ముక్కు తుడిచాను, మొరియో. ఎండ సంగతి నాకు చెప్పకు."

"ఇది మన నేల మొక్క కాదవ్వా. బయటినుంచి వచ్చింది. అన్నిటినీ తినేస్తోంది."

"నేనూ బయటినుంచే వచ్చాను. ఇజేనా దీవి నుంచి పడవలో తెచ్చారు మీవాళ్ళు. తిండి కూడా బాగానే తిన్నాను. రా, ముందు నన్ను పీకు."

వెనక ఎవరో నవ్వి, దగ్గులోకి మార్చారు. ఉషి అవ్వ నవ్వలేదు. టీ కప్పు పక్కన పెట్టింది.

"మా ఆయనకి ఈ ఒడ్డున ఆక్టోపస్‌లు దాక్కునే బొక్కలు నలభై మూడు తెలుసు," అంది. "చీకట్లో కూడా చెయ్యి పెట్టి తీసేవాడు. ఆ రోడ్డు వేసిన ఏడాది వానలు పడ్డాయి. నీళ్ళు బీట్‌రూట్ ఉడకబెట్టినట్టు అయిపోయాయి. వానలయ్యాక దిగి వెతికాడు. ఒక్కటి కూడా దొరకలేదు, అన్నీ మట్టితో పూడుకుపోయాయి. ఇంటికొచ్చి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. తర్వాత వీడు వచ్చి ఈ తీగ గుచ్చాడు. పదేళ్ళకి ఆరు బొక్కలు తేలాయి. పోయేనాటికి పద్నాలుగు. నాకు మొక్కల గురించి తెలీదు. నాకు పద్నాలుగు తెలుసు."

సేకిచికి ఆ లెక్క అప్పటిదాకా తెలియదు. ఆఫీసు ఇచ్చిన పత్రంలో ఎన్ని మీటర్ల గట్టు అన్నది ఉంది గానీ ఇది లేదు. ఆయన తల దించుకుని విసనకర్ర ఈనెలు సరిచేసుకుంటూ కూర్చున్నాడు. తొమి ఆయన వైపు చూడకుండానే గొడుగును కొంచెం ఆయన మీదికి వంచింది.

కెమెరా పట్టుకున్న కుర్రాడు, "తీయమంటారా?" అని త్సుహాకోను అడిగాడు. తొంభై నాలుగేళ్ళ మనిషి చుట్టూ నలభైమంది కొడవళ్ళతో నిలబడి ఉన్నారు. త్సుహాకో ఒకసారి అటు చూసి, "వద్దు," అన్నాడు. తర్వాత అందరికీ వినబడేలా, "మలుపు రెండో విడతలో చేద్దాం," అన్నాడు.

"రెండో విడత ఎప్పుడండీ?" అంది చినత్సు, నోటుబుక్కు తీసి.

"తర్వాత అని రాసుకో."

మలుపు వదిలేసి, దానికి దక్షిణాన తిన్నగా ఉన్న తొంభై మీటర్ల గట్టు పీకారు. చాలా శుభ్రంగా పీకారు. మధ్యాహ్నానికి గట్టు గొరిగిన గుండులా నున్నగా కనబడింది. పీకిన తీగలన్నీ తెచ్చి ఊరి హాలు వెనక కుప్ప పోశారు. వాటిని ఎండలో నల్ల పట్టా మీద మాడ్చాలని సేకిచి చెప్పాడు గానీ, అప్పటికి అన్నం ముద్దలు వచ్చాయి. మూడు వారాలకు ఆ కుప్ప వేళ్ళు పట్టి, నిండా పూసింది.

కానీ అంతకంటే ముందే తుఫాను వచ్చింది. పీకిన పన్నెండో రోజు మొదలై రెండు రోజులు కురిసింది. మూడో రోజు గాలి తగ్గాక సేకిచి రబ్బరు బూట్లు వేసుకుని రోడ్డు మీదికి వెళ్ళాడు. మలుపు దగ్గర రెండు మూడు రాళ్ళు దొర్లాయి, తీగలు గాలికి దువ్వినట్టు ఒక పక్కకి పడుకున్నాయి, అంతే. దక్షిణపు గట్టు మాత్రం రోడ్డు మీదే ఉంది. మోకాల్లోతు ఎర్రమట్టి. దాని అవతల సముద్రం చాలా దూరం వరకూ ఇటుక రంగులో ఉంది.

తన మాట నిజమైనందుకు సంతోషం కలుగుతుందేమోనని కాసేపు చూశాడు. కలగలేదు. ఆ మొక్కను తెచ్చినప్పుడు తాను సగమే చూశాడు. బీచి సగం చూడలేదు. ఇప్పుడు వీళ్ళు రెండో సగం చూసి మొదటిది చూడలేదు. ఇలా వంతులవారీగా సగం సగం చూసుకుంటూ పోతే ఒడ్డున మిగిలిన బొక్కలన్నీ పూడుకుపోతాయి. ఉషి అవ్వ మాత్రం తోపుడుబండి మీద కూర్చుని, ఆగిన ప్రతి కారులోకీ తొంగి చూసి, "నేను చెప్పలా?" అంటోంది.

త్సుహాకో తెల్లవారుజాము నుంచి పార పట్టి మట్టి ఎత్తుతున్నాడు. నడుం దాకా ఎర్రగా ఉన్నాడు. సేకిచిని చూసి పార ఆపాడు. క్షమాపణ చెబుతాడేమోనని సేకిచి కంగారుపడ్డాడు. చెప్పలేదు.

"ఏం నాటాలి?" అని అడిగాడు.

సేకిచి దానికి రెండు నెలల క్రితమే సమాధానం సిద్ధం చేసుకున్నాడు. "గెత్తో," అన్నాడు. గెత్తో అల్లం జాతి మొక్క. మనిషెత్తు పెరుగుతుంది. పొడుగాటి వాసన ఆకులు, నేలలో దట్టంగా దుంపలు. ఊళ్ళో పొలాల అంచున మట్టి కొట్టుకుపోకుండా ఎప్పటినుంచో నాటుతున్నదే. "రెండు మీటర్ల వెడల్పు పట్టీ పీకాలి. అదే రోజు దుంపలు నాటాలి. అవి పట్టుకునేదాకా పక్క పట్టీ ముట్టుకోకూడదు. అలా అయితే ఏడాదికి పన్నెండు మీటర్లు అవుతుంది. ఇప్పుడు జారినచోట మటుకు వెంటనే నాటెయ్యాలి."

"మలుపు నూట ఎనభై మీటర్లు." త్సుహాకో జేబులోంచి తడిసిన కాగితం తీసి లెక్క వేశాడు. సేకిచి వైపు ఒకసారి చూసి, కాగితం మడిచి పెట్టేసుకున్నాడు.

"అప్పటికి నాకు ఎనభై మూడు," అన్నాడు సేకిచి. "లెక్క సరిగ్గానే వేశారు."

ఆ ఏటి నుంచి సేకిచి పెరడంతా గెత్తో దుంపలు. కాకర పాదు జోలికి మాత్రం పోకూడదని తొమి తాడు కట్టి హద్దు పెట్టింది. శనివారాలు త్సుహాకో తన సొంత కొడవలి పట్టుకుని మలుపుకి వస్తాడు. ఇద్దరూ పట్టీలో కొంత పీకి, పీకినంత మేరా నాటి, పెద్దగా మాట్లాడుకోకుండా బెల్లం తిని ఇళ్ళకు పోతారు. బీచిలో ఇసుకకి జారిపోయే భయం లేదు కాబట్టి అక్కడ చినత్సు ఆడవాళ్ళను పోగుచేసి బుధవారం బుధవారం అమెరికా చామంతిని వేళ్ళతో సహా తీయిస్తోంది. పదకొండు చోట్ల ఉన్న పిల్లినాలుక ముప్పై చోట్ల కనబడిందని ఒకరోజు ఫోను చేసి చెప్పింది. హాలు వెనక కుప్పను మాడ్చడానికి మూడేళ్ళు పట్టింది.

నాలుగో చలికాలానికి మలుపు దగ్గర నలభై ఎనిమిది మీటర్ల గెత్తో నిలబడింది. ఒక పొద్దున సేకిచి వెళ్ళి చూసేసరికి పొదలకు ఆకుల్లేవు. పై నుంచి కింది దాకా ఎవరో పెద్ద ఆకులన్నీ తెగ్గోసుకుపోయారు. కాడలు మాత్రం మిగిలాయి. సేకిచి తిన్నగా ఆఫీసుకి వెళ్ళి ఫిర్యాదు చేశాడు. చినత్సు నోటుబుక్కు పట్టుకుని, వివరాలు రాసుకోవడానికి ఆయన వెంట ఇంటికి వచ్చింది.

ఇంట్లో వంటింటి నిండా ఆవిరి. ఆ రోజు మూచి పండగ. తొమి బియ్యప్పిండి ఉండలను గెత్తో ఆకుల్లో చుట్టి, దారంతో కట్టి, ఆవిరి మీద పెట్టి దించుతోంది.

"ఆకులెక్కడివి?" అన్నాడు సేకిచి.

"గట్టు మీదవి. ఊరంతా అక్కడే కోసుకుంది. ఉషి అవ్వయితే బండి నిండా వేసుకుపోయింది." తొమి చినత్సు చేతిలో వేడివేడి పొట్లం ఒకటి పెట్టింది. "మట్టిని పట్టేది దుంపలు కదండీ. ఆకులు ఏం పట్టుకుంటాయని అంత గొడవ?"

సేకిచి ఆలోచించాడు. ఆకు లేకపోతే దుంప ఊరదన్నాడు. తొమి ఆయన చేతిలోనూ ఒక పొట్లం పెట్టింది. ఆయన విప్పి తిన్నాడు. ఇంకొకటి కూడా తిన్నాడు. చినత్సు నోటుబుక్కులో ఏమీ రాయకుండానే మూసేసింది.

మర్నాడు సేకిచి మలుపు దగ్గర చెక్కబోర్డు పాతాడు. ‘ఆకులు కోసుకోవచ్చు. మొక్కకి రెండు వదలవలెను’ అని రాశాడు. మరుసటి ఏడు మూచి పండగ వెళ్ళిన పొద్దున ఆయన, త్సుహాకో వెళ్ళి చూస్తే, అరవై మీటర్ల పొడుగునా ఏ మొక్కకి చూసినా సరిగ్గా రెండే ఆకులున్నాయి.